కాలేయంలో రక్తనాళపు గడ్డలు: గుర్తింపు, చికిత్సల చరిత్ర

అల్ట్రాసౌండ్ యంత్రం ఇప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ వంటి పాత జిల్లా కేంద్రాలకే పరిమితం కాదు. జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, పెద్దపల్లి వంటి పట్టణాలన్నిటిలోనూ ఉంది. కడుపు నొప్పికని, గర్భిణీ పరీక్షకని, గల్ఫ్ ప్రయాణానికి ముందు ఆరోగ్య పరీక్షకని వెళ్లినవారి నివేదికలో అప్పుడప్పుడు ఒక మాట కనిపిస్తుంది: కాలేయంలో హిమాంజియోమా. 'లివర్‌లో గడ్డ' అన్న మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదికీ తిండి సహించదు. క్యాన్సరేమోనన్న భయంతో అప్పుచేసి హైదరాబాదుకు పరుగెత్తేవారున్నారు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితీ ఉంది. చాలా అరుదైన, నెమ్మదిగా పెరిగే ఒక రక్తనాళపు గడ్డను 'ఎక్కడినుంచో పాకిన క్యాన్సర్' అని భావించి, ఇక చేయగలిగింది లేదని రోగిని ఇంటికి పంపే ప్రమాదమది. మొదటి పొరపాటు వల్ల డబ్బు, మనశ్శాంతి పోతాయి. రెండోదాని వల్ల ప్రాణమే పోవచ్చు.

ఈ రెండు పొరపాట్ల మధ్య వైద్యశాస్త్రం తన దారిని ఎలా వెతుక్కుందో తెలిస్తే, నివేదిక చేతికి వచ్చిన రోజున మనం అడగవలసిన ప్రశ్నలు కూడా తెలుస్తాయి. ఆ ఉద్దేశంతోనే ఈ చరిత్రను వివరిస్తున్నాను.

రక్తంతో నిండిన అవయవం

మన శరీరంలో కాలేయానికి ఒక ప్రత్యేకత ఉంది. మిగిలిన అవయవాలకు శుద్ధరక్తం ధమనుల ద్వారా మాత్రమే వస్తుంది. కాలేయానికి రెండు వైపులనుంచి రక్తం చేరుతుంది. పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే ద్వారసిర సుమారు మూడు వంతులు తెస్తే, కాలేయ ధమని మిగిలిన ఒక వంతు తెస్తుంది. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం ఈ అవయవం గుండా ప్రవహిస్తుంది. ఆ రక్తాన్ని లోపల మోసే సన్నని నాళాలన్నిటికీ లోపలివైపు ఒక పలుచని కణాల పొర ఉంటుంది. దానిని ఎండోథీలియం అంటారు.

ఈ పొర కణాల నుంచి పుట్టే గడ్డలే రక్తనాళపు గడ్డలు. వీటిలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది పెద్దవారిలో కనిపించే హిమాంజియోమా. ఇది నిరపాయకరమైనది, సర్వసాధారణమైనది. రెండవది పసిపిల్లలలో వచ్చే శిశు హిమాంజియోమా. మూడవది ఎపిథీలియాయిడ్ హిమాంజియో ఎండోథీలియోమా. ఇది క్యాన్సరే, కాని దాని నడక చాలామందిలో నెమ్మది. నాలుగవది యాంజియోసార్కోమా, ఇది అత్యంత ప్రమాదకరమైనది. పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నా ఈ నాలుగింటి స్వభావాలు పూర్తిగా వేరు. వాటిని విడదీసి చూడడానికి వైద్యులకు నూరేళ్లకు పైగా పట్టింది.

శవపరీక్ష బల్ల నుంచి శస్త్రచికిత్స బల్ల దాకా

పంతొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా వైద్యులకు కాలేయపు హిమాంజియోమా శవపరీక్షలలోనే కనిపించేది. వేరే జబ్బుతో మరణించినవారి కాలేయం కోసి చూస్తే ముదురు ఎరుపు రంగులో, నీరు పీల్చిన స్పంజిలా ఒక గడ్డ ఉండేది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ విర్కో 1863, 1867 సంవత్సరాల మధ్య వెలువడిన తన కణితుల ఉపన్యాస గ్రంథంలో ఇటువంటి రక్తనాళపు గడ్డలను వర్గీకరించాడు. ఆ మనుషులు జీవితమంతా ఆ గడ్డతోనే బతికారు, దానివల్ల చనిపోలేదు అన్న విషయం శవపరీక్షలే చెప్పాయి. నేటికీ హిమాంజియోమా రోగికి ధైర్యం చెప్పడానికి ఆధారం అదే.

బతికున్న మనిషిలో ఆ గడ్డను తొలగించే సాహసం ఆ శతాబ్దం చివరి ఏళ్లలో మొదలైంది. ఆనాటి శస్త్రవైద్యులకు పెద్ద శత్రువు రక్తస్రావం. కోసిన కాలేయం స్పంజిని పిండినట్లు రక్తం కారుస్తుంది. కుట్టు వేస్తే దారం మెత్తని కణజాలాన్ని కోసుకుని బయటికి వస్తుంది. 1908లో గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ ఒక సులువైన ఉపాయం ప్రకటించాడు. కాలేయంలోకి రక్తం తెచ్చే నాళాల కట్టను వేళ్లతో కొద్దిసేపు నొక్కి పట్టుకుంటే రక్తస్రావం అదుపులోకి వస్తుంది. ఆయన దానిని గాయపడినవారి కోసం వాడాడు. నేటికీ కాలేయ శస్త్రచికిత్సలో ఆ పద్ధతి ఆయన పేరుతోనే ఉంది.

తరువాతి పెద్ద అడుగు ఆసియాలో పడింది. వియత్నాం వైద్యుడు తోన్ థాట్ తుంగ్ 1930లలో హనోయ్‌లో వందల కాలేయాలను విప్పి, లోపలి నాళాల దారులను గుర్తించాడు. 1950లలో ఫ్రాన్సుకు చెందిన క్లోద్ క్వినో కాలేయాన్ని ఎనిమిది ఖండాలుగా చూపిన పటం ఇచ్చాడు. పొలానికి గట్లు ఉన్నట్లే కాలేయానికీ ఉన్నాయి, ఒక్కో మడికి నీటి కాలువ వేరు అని ఆ పటం తేల్చింది. ఏ మడి తీసివేస్తే ఏ కాలువ మూయాలో తెలిసింది. నేటి నివేదికలలో కనిపించే 'ఆరవ ఖండం', 'ఎనిమిదవ ఖండం' అన్న మాటలు ఆ పటంలోనివే.

మన ప్రాంతంలో సూది అలవాటు

హైదరాబాదులో పాశ్చాత్య వైద్య పాఠశాల 1846లోనే ఆరంభమైంది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. అయినా మన గ్రామాలలో 'లివర్ వాపు' అంటే చాలాకాలం వేరే జబ్బు గుర్తుకు వచ్చేది. అమీబా వల్ల కాలేయంలో చీము పట్టడం నీటి శుభ్రత లేని ప్రాంతాల జబ్బు. మద్యం అలవాటున్న మగవారిలో మరీ ఎక్కువ. 1912లో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ ఎమెటిన్ సూదిమందు దీనికి పనిచేస్తుందని చూపాడు. దానితోపాటు గడ్డలోకి లావు సూది గుచ్చి, ముదురు గోధుమ రంగు చీము లాగడం కూడా చికిత్సలో భాగమైంది. ఎన్నో ప్రాణాలను నిలిపిన పద్ధతి అది.

చీముగడ్డకు ప్రాణం పోసిన ఆ సూదే రక్తనాళపు గడ్డకు ప్రాణాంతకం కావచ్చు. కాలేయంలోకి సూది పంపి నమూనా తీసే ప్రయత్నాన్ని పాల్ ఎర్లిక్ 1883లోనే చేశాడు. 1958లో ఇటలీకి చెందిన మెంఘిని ఒక్క సెకనులో ముక్క తీసే సూదిని రూపొందించాక ఆ పరీక్ష ప్రపంచమంతా వ్యాపించింది. ఆ తరువాతి అనుభవం ఒక జాగ్రత్తను నేర్పింది: గడ్డ నిండా రక్తమే ఉన్నదన్న అనుమానం ఉంటే ముందు బొమ్మ తీసి చూడాలి, ఆ తరువాతే సూది గురించి ఆలోచించాలి. ముఖ్యంగా యాంజియోసార్కోమాలో సూది గుచ్చినచోట రక్తస్రావమై మరణించినవారున్నారు.

మందే జబ్బైన కాలం

యాంజియోసార్కోమా చరిత్ర మనిషి తన చేతులతో తాను తెచ్చుకున్న కష్టాల చరిత్ర కూడా. అందులో మొదటి పాత్ర పాషాణానిది. 1786లో ఇంగ్లండు వైద్యుడు థామస్ ఫౌలర్ ఆర్సెనిక్‌తో చేసిన ఒక ద్రావణాన్ని జ్వరాలకు మందుగా ప్రకటించాడు. దానిని దాదాపు నూటయాభై ఏళ్లపాటు సోరియాసిస్‌కు, ఉబ్బసానికి, బలానికి కూడా వాడారు. ఏళ్ల తరబడి తాగిన కొందరిలో చర్మ క్యాన్సర్లు, మరికొందరిలో కాలేయపు యాంజియోసార్కోమా కనిపించాయి. జర్మనీలో మోజెల్ నది లోయలో ద్రాక్షతోటలపై ఆర్సెనిక్ పురుగుమందు చల్లిన రైతులలోనూ ఇదే జబ్బు వచ్చింది. అక్కడ ఆ మందును 1942లో నిషేధించారు. గడ్డలు మాత్రం ఆ తరువాత చాలా ఏళ్లకు బయటపడుతూనే వచ్చాయి.

రెండవది థోరోట్రాస్ట్. 1930ల ప్రాంతంలో ఎక్స్‌రే బొమ్మలో రక్తనాళాలు స్పష్టంగా కనబడడానికి రక్తంలోకి ఎక్కించిన ద్రవమిది. అందులో ఉన్నది థోరియం డయాక్సైడ్. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చేది, రోగికి అప్పటికప్పుడు ఏ బాధా ఉండేది కాదు. కాని థోరియం రేడియోధార్మిక పదార్థం. శరీరం దానిని బయటికి పంపలేదు. అది కాలేయంలో, ప్లీహంలో, ఎముకల మజ్జలో పేరుకుపోయి, మనిషి బతికినంతకాలం లోపలినుంచే కిరణాలు విడుదల చేస్తుంది. థోరియం సగానికి తరగడానికి పట్టే కాలం సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు. మనిషి ఆయుష్షుతో పోల్చితే అది తరగనట్లే. 1947లో మాక్‌మహన్, మర్ఫీ, బేట్స్ అనే అమెరికా వైద్యులు థోరోట్రాస్ట్ ఎక్కించిన రోగిలో కాలేయపు ఎండోథీలియం క్యాన్సర్‌ను వర్ణించారు. 1950లలో దాని వాడకం ఆగిపోయింది. అయితే సూది వేయించుకున్న ఇరవై, ముప్పై ఏళ్లకు, కొందరిలో ఇంకా ఆలస్యంగా, గడ్డలు వస్తూనే ఉన్నాయి.

ఒక మందు వెంటనే హాని చేయలేదు కాబట్టి మంచిదే అనుకోవడం ఎంత పొరపాటో ఈ రెండు ఉదాహరణలూ చెబుతాయి. పేరు లేని పొట్లాల్లో, సీసాల్లో నెలల తరబడి వాడే 'బలం మందులు' మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఏమి కలిపారో చెప్పని మందును కాలేయానికి అప్పగించకూడదు.

మూడు మరణాలు, ఒక కర్మాగారం

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ అనే పట్టణం ఉంది. అక్కడి బి.ఎఫ్. గుడ్రిచ్ కర్మాగారంలో వినైల్ క్లోరైడ్ అనే వాయువు నుంచి పీవీసీ ప్లాస్టిక్ తయారుచేసేవారు. పెద్ద పెద్ద తొట్లలో వాయువు ప్లాస్టిక్‌గా మారుతుంది. తొట్టి గోడలకు అంటుకున్న ప్లాస్టిక్ పెచ్చులను గీకడానికి కార్మికులు లోపలికి దిగేవారు. లోపల మిగిలిన వాయువును ఏళ్ల తరబడి పీల్చేవారు.

అక్కడ పనిచేసే వైద్యుడు జాన్ క్రీచ్ ఒక విషయం గమనించాడు. 1971, 1973 సంవత్సరాల మధ్య ఆ ఒక్క కర్మాగారంలో ముగ్గురు కార్మికులు కాలేయపు యాంజియోసార్కోమాతో మరణించారు. అమెరికా మొత్తం మీద ఏడాదికి కొన్ని పదుల మందికి మించి రాని జబ్బు ఒకే గేటు లోపల మూడుసార్లు రావడం యాదృచ్ఛికం కాదని ఆయన గ్రహించాడు. కర్మాగార వైద్యుడు మారిస్ జాన్సన్‌తో కలిసి విషయం పైకి చేర్చాడు. 1974 జనవరిలో కంపెనీ దానిని ప్రభుత్వ సంస్థకు తెలియజేసింది. అదే ఏడాది వారి పరిశోధన పత్రం వెలువడింది.

అప్పటికే ఇటలీలో చేజారే మాల్తోనీ అనే శాస్త్రవేత్త ఈ వాయువును పీల్చిన ఎలుకలలో అదే గడ్డను చూశాడు. ఆ ఫలితాలు కొన్ని కంపెనీలకు ముందే తెలిసినా గోప్యంగా ఉంచారని చరిత్రకారులు ఆ తరువాత పత్రాలతో సహా చూపారు. అయితే మూడు మరణాల వార్త తరువాత ఇక దాచడానికి వీలులేకపోయింది. అమెరికాలో అప్పటివరకు గాలిలో పది లక్షల వంతులకు 500 వంతుల వరకు అనుమతి ఉండేది. 1974 ఏప్రిల్‌లో దానిని 50కి, 1975 నుంచి ఎనిమిది గంటల సగటున ఒక్క వంతుకు తగ్గించారు. ఉత్పత్తి ఆగిపోతుందని పరిశ్రమ వాదించింది. ఆగలేదు, తొట్లను మూసి ఉంచే పద్ధతులు, మనిషి దిగకుండా శుభ్రం చేసే పద్ధతులు వచ్చాయి. కొత్త పద్ధతిలో పని మొదలుపెట్టిన కార్మికులలో ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన సంస్థ వినైల్ క్లోరైడ్‌ను మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఇక్కడ మన రైతులకు ఒక సందేహం రావడం సహజం. బోరుబావి నుంచి మడి దాకా నీరు తెచ్చేది పీవీసీ పైపే కదా? ప్రమాదం తయారీ దశలోని వాయువుది. తయారైన పైపును ముట్టుకున్నా, పొలంలో బిగించినా ఈ జబ్బు రాదు. అయితే పాత పైపు ముక్కలను కుప్పపోసి తగలబెట్టకూడదు. ఆ పొగలో వేరే విషవాయువులు ఉంటాయి.

క్రీచ్ కథలో మనకు ముఖ్యమైన పాఠం వేరొకటి ఉంది. ఆయన దగ్గర గొప్ప యంత్రాలేమీ లేవు. రోగి ఏం పని చేస్తాడో తెలుసు, ముందటి రోగి ఏం పని చేశాడో గుర్తుంది. రామగుండం, మంచిర్యాల ప్రాంతాలలో పరిశ్రమల కార్మికులు ఎందరో ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లి ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవారు ఇంకా ఎక్కువ. అక్కడ ఏ కంపెనీలో, ఏ రసాయనంతో పనిచేశారో వారికే సరిగా తెలియదు. డబ్బా మీది పేరును ఫోనుతో ఫొటో తీసి దాచుకున్నా చాలు. ఇరవై ఏళ్ల తరువాత ఒక వైద్యునికి అది దారి చూపవచ్చు.

1982: మధ్యరకపు గడ్డకు పేరు పెట్టడం

హిమాంజియోమా అటు, యాంజియోసార్కోమా ఇటు. ఈ రెండింటికీ మధ్య నడిచే ఒక గడ్డ చాలాకాలం పేరు లేకుండానే ఉండిపోయింది. 1982లో అమెరికా వ్యాధినిదాన నిపుణులు షారన్ వైస్, ఫ్రాంజ్ ఎంజింగర్ మెత్తని కణజాలాలలో వచ్చిన 41 గడ్డలను పరిశీలించి, ఎపిథీలియాయిడ్ హిమాంజియో ఎండోథీలియోమా అని పేరు పెట్టారు. 1984లో కమాల్ ఇషాక్, ఆయన సహచరులు ఇదే గడ్డ కాలేయంలోనే పుట్టిన 32 మంది రోగులను వర్ణించారు. పది లక్షల మందిలో ఒకరికి వచ్చేంత అరుదైన జబ్బు ఇది. నడివయసులో, ఆడవారిలో కొంచెం ఎక్కువ.

ఈ గడ్డను పోల్చుకోవడం ఎందుకు కష్టం? సాధారణంగా ఇది ఒకటిగా రాదు. కాలేయపు రెండు వైపులా, అంచుల వెంబడి చిన్న చిన్న గడ్డలుగా వస్తుంది. అటువంటి బొమ్మ చూడగానే ఎవరికైనా కడుపు నుంచో, పెద్దపేగు నుంచో, రొమ్ము నుంచో పాకిన క్యాన్సర్ అనిపిస్తుంది. అప్పుడు మూలం కోసం వెదుకులాట మొదలవుతుంది. ఎండోస్కోపీలు, స్కాన్లు అన్నీ చేసినా మూలం దొరకదు. ముక్క పరీక్షలో కూడా కణాలు గ్రంథి క్యాన్సర్ కణాల్లా కనిపించి మోసం చేయవచ్చు. రోగి మాత్రం చూడటానికి బాగానే ఉంటాడు; కొందరిలో నొప్పి, బరువు తగ్గడం ఉన్నా, చాలామందిలో వేరే కారణానికి తీసిన స్కాన్‌లోనే ఇది బయటపడుతుంది.

అనుమానం కలగడానికి కొన్ని గుర్తులున్నాయి. గడ్డ ఉన్నచోట కాలేయపు పై పొర బయటికి ఉబ్బకుండా లోపలికి నొక్కుకుపోతుంది. కొందరిలో ఒక సిర గడ్డ అంచుదాకా వచ్చి అక్కడే ఆగిపోయి, పుల్లకు గుచ్చిన మిఠాయిలా కనిపిస్తుంది. నిర్ధారణ మాత్రం ముక్క పరీక్షతోనే జరుగుతుంది. మొదట్లో రక్తం గడ్డకట్టించే ఎనిమిదవ కారకానికి సంబంధించిన రంగు పరీక్షతో, తరువాత సీడీ31, సీడీ34 అనే పరీక్షలతో ఇవి రక్తనాళపు కణాలని తేల్చారు. 2011లో ఇంకా లోతైన ఆధారం దొరికింది. ఈ గడ్డ కణాలలో ఒకటవ, మూడవ క్రోమోజోముల మధ్య ముక్కలు తారుమారై, రెండు జన్యువులు అతుక్కుపోతున్నాయని కనుగొన్నారు. వాటిలో ఒకటైన కామ్టా1ను గుర్తించే రంగు పరీక్ష ఇప్పుడు పెద్ద ప్రయోగశాలలలో ఉంది. అనుమానం ఉన్నచోట ఆ పరీక్ష అడగడం రోగి హక్కు.

పసిబిడ్డల కథ వేరు

శిశువులలో వచ్చే కాలేయపు హిమాంజియోమాను పెద్దవారి గడ్డతో కలపకూడదు. పుట్టిన కొన్ని వారాలలో పెరిగి, ఏడాది తరువాత క్రమంగా తనంతట తాను కుంచించుకుపోయే స్వభావం దీనిది. చిన్నవైతే ఏమీ చేయనక్కరలేదు. కాని కాలేయం నిండా వ్యాపిస్తే రక్తం అడ్డదారిన పరుగెత్తి చిన్నారి గుండె అలిసిపోతుంది. 2000లో మరొక విచిత్రం బయటపడింది: ఈ గడ్డ కణాలు థైరాయిడ్ హార్మోనును నాశనం చేసే ఎంజైమును తయారుచేస్తాయి, దానివల్ల బిడ్డకు తీవ్రమైన థైరాయిడ్ లోపం వస్తుంది.

పూర్వం దీనికి స్టెరాయిడ్లు, శస్త్రచికిత్స, రక్తనాళాలను మూసే చికిత్స చేసేవారు. 2008లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో క్రిస్టీన్ లియోతే-లాబ్రేజ్ అనే వైద్యురాలు అనుకోకుండా చూసిన ఒక సంగతిని ప్రకటించారు. ముక్కు మీద హిమాంజియోమా ఉన్న ఒక బిడ్డకు గుండె సమస్య వస్తే ప్రొప్రనొలాల్ అనే పాత మందు ఇచ్చారు. మరునాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది. రక్తపోటుకు, గుండెదడకు దశాబ్దాలుగా వాడుతున్న చౌక మందు అది. ఆ గమనికతో శిశు హిమాంజియోమా చికిత్స ప్రపంచమంతటా మారిపోయింది. కాలేయంలోని గడ్డలకూ అదే మొదటి మందయింది. అయితే రక్తంలో చక్కెర పడిపోవడం, గుండె వేగం తగ్గడం వంటి ప్రమాదాలు ఉన్నాయి కాబట్టి పిల్లల వైద్యుని పర్యవేక్షణలోనే ఇవ్వాలి.

తల్లులకు ఒక మాట. నెలల బిడ్డ ఒంటిమీద ఎర్రగా ఉబ్బిన మచ్చలు ఐదు, అంతకన్నా ఎక్కువ ఉంటే, పుట్టుమచ్చలే కదా అని ఊరుకోకండి. ఒకసారి కడుపు అల్ట్రాసౌండ్ చేయించండి. నొప్పిలేని, చవకైన ఆ పరీక్ష లోపలి గడ్డలను ముందే చూపుతుంది.

లోపలికి చూసే కళ్లు

1971లో లండన్‌లో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సీటీ యంత్రంతో మొదటి రోగికి మెదడు స్కాన్ చేశారు. ఆ తరువాతి దశాబ్దాలలో అల్ట్రాసౌండ్, సీటీ, ఎమ్మారై కాలేయ వైద్యాన్ని మార్చివేశాయి. శవపరీక్షలో మాత్రమే కనిపించిన హిమాంజియోమా ఇప్పుడు ప్రతి పట్టణంలో, ప్రతి వారం కనిపించడానికి కారణం జబ్బు పెరగడం కాదు, చూపు పెరగడం.

అల్ట్రాసౌండ్‌లో హిమాంజియోమా తెల్లగా, అంచులు స్పష్టంగా కనిపిస్తుంది. కాని కొన్ని క్యాన్సర్లూ అలాగే కనిపించవచ్చు. అందుకే కాలేయ జబ్బు, హెపటైటిస్ బి లేదా సి, ముందు క్యాన్సర్ వచ్చిన చరిత్ర ఉన్నవారికి రంగు మందు ఎక్కించి మూడు దశలలో తీసే సీటీ గాని, ఎమ్మారై గాని అవసరం. హిమాంజియోమాలో రక్తం విశాలమైన గదులలో చాలా నిదానంగా కదులుతుంది. కాబట్టి ఎక్కించిన మందు మొదట అంచులలో ముద్దలుగా కనిపించి, నిమిషాలు గడిచేకొద్దీ నెమ్మదిగా లోపలికి నిండుతుంది. చెరువులోకి తూముల నుంచి నీరు చేరినట్లు ఉంటుంది. ఎమ్మారైలో అది వెలిగించిన బల్బులా మెరుస్తుంది. ఈ లక్షణాలు స్పష్టంగా ఉంటే ముక్క పరీక్ష అక్కరలేదు, మందూ అక్కరలేదు. గర్భం దాల్చడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. గడ్డ చాలా పెద్దదై బాధ పెడితేనో, నిర్ధారణలో సందేహం మిగిలితేనో మాత్రమే శస్త్రచికిత్స మాట వస్తుంది.

మార్పిడి దాకా

1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ తొలి కాలేయ మార్పిడి చేశాడు. ఆ బిడ్డ శస్త్రచికిత్సలోనే రక్తస్రావంతో మరణించాడు. 1967లో ఒక బిడ్డ ఏడాదికి పైగా బతికింది. 1980లలో సైక్లోస్పోరిన్ రాకతో మార్పిడి సాధారణ చికిత్స అయింది. భారతదేశంలో అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. 1998 నవంబరులో ఢిల్లీలో తొలి విజయవంతమైన కాలేయ మార్పిడి జరిగింది.

రక్తనాళపు గడ్డల విషయంలో మార్పిడి రెండు విరుద్ధమైన పాఠాలు నేర్పింది. యాంజియోసార్కోమాకు మార్పిడి చేస్తే నెలలలోనే గడ్డ తిరిగి వచ్చింది. అందువల్ల దానిలో మార్పిడి చేయరాదని ఈనాటి నిర్ణయం. గడ్డ ఒకేచోట ఉంటే కోసి తీయడం, లేకుంటే మందులు. ఫలితాలు ఇప్పటికీ విచారకరమే. హిమాంజియో ఎండోథీలియోమాలో మాత్రం, కాలేయమంతా గడ్డలు నిండినవారికి మార్పిడి ఆశ చూపింది. 2007లో ఐరోపా మార్పిడి నమోదు సంస్థ వివరాలతో వెలువడిన పరిశీలనలో 59 మందిలో ఐదేళ్ల తరువాత 83 శాతం, పదేళ్ల తరువాత 72 శాతం బతికి ఉన్నారు. సాధారణంగా గడ్డ కాలేయం దాటితే మార్పిడి ప్రసక్తి ఉండదు. ఈ జబ్బులో కాలేయం బయట కొద్దిగా ఉన్నా కొందరికి మేలు జరిగింది. అందుకే 'పాకిన క్యాన్సర్' అన్న ముద్ర పడకముందే దీనిని గుర్తించడం ప్రాణానికి సంబంధించిన విషయమని మొదట్లో అన్నాను.

అందరికీ మార్పిడే మార్గం కాదు. కొన్ని గడ్డలే ఉంటే కోసి తీస్తారు. ఏ బాధా లేనివారిని కొన్ని నెలలు స్కాన్లతో గమనిస్తారు. కొందరిలో గడ్డలు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటాయి. వేగంగా పెరిగేవారికి సిరోలిమస్ వంటి మందులు వాడుతున్నారు. జబ్బు నడక చూసి నిర్ణయం తీసుకోవడం ఇక్కడ నిర్లక్ష్యం కాదు, అది వైద్యమే.

మన దారి

ఒకప్పుడు ఉత్తర తెలంగాణ రోగికి పెద్ద పరీక్ష అంటే హైదరాబాదు ప్రయాణమే. కరీంనగర్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి సుమారు 300. ఆదిలాబాద్ వారిలో నాగపూర్ వెళ్లేవారూ ఉన్నారు. ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో కరీంనగర్‌లో ప్రైవేటు వైద్య కళాశాలలు, 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చాయి. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలోనూ, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. మొదటి అనుమానం, మొదటి స్కాన్, మొదటి రక్తపరీక్షలు ఇక ఇంటికి దగ్గరలోనే జరగాలి. కామ్టా1 వంటి పరీక్షలకు, కాలేయ శస్త్రచికిత్సకు, మార్పిడికి మాత్రం ఇంకా రాజధానే. 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకం ద్వారా మరణించిన దాతల అవయవాలను వరుస ప్రకారం కేటాయిస్తున్నారు; ఉస్మానియా ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలో కూడా కాలేయ మార్పిడులు జరిగాయి. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచింది. ఏ చికిత్స ఆ పథకం కిందికి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. భూమి అమ్మే మాట ఆ తరువాత.

చివరిగా, నివేదికలో కాలేయంలో గడ్డ అని కనిపించిన రోజున వైద్యుని అడగవలసిన ప్రశ్నలు ఇవి. ఇది మామూలు హిమాంజియోమా అని బొమ్మ స్పష్టంగా చెబుతోందా, లేక మూడు దశల సీటీ లేదా ఎమ్మారై కావాలా? సూది పరీక్ష అవసరమైతే, గడ్డ రక్తంతో నిండినదేమో ముందే చూశారా? గడ్డలు చాలా ఉండి, మూలం దొరకకపోతే, ఇది రక్తనాళపు గడ్డ కావచ్చునేమో పరీక్షించారా? వైద్యుడు అడగకపోయినా మీరు చెప్పవలసినవి కూడా ఉన్నాయి: ఏం పని చేశారు, ఎక్కడ చేశారు, ఏ మందులు ఎంతకాలం వాడారు. పాత స్కాన్ ఫిల్ములను, ముక్క పరీక్ష మైనపు దిమ్మెలను, నివేదికలను పారవేయకండి. రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు అవే మీ తరఫున మాట్లాడతాయి.

పేరు లేని జబ్బుకు పేరు పెట్టినవారు, మూడు మరణాలను కలిపి చూసినవారు, ఒక బిడ్డ ముక్కు మీది మచ్చ రంగు మారిందని గమనించినవారు చేసింది ఒక్కటే: కనిపించినదాన్ని తేలికగా తీసివేయలేదు. నివేదిక చేతపట్టుకుని వచ్చిన ప్రతి రోగికీ ఆ మాత్రం శ్రద్ధ దక్కాలి.